నియమాగ్రహం: ఒకే మాటలో రెండు పొరపాట్లు

కూకట్‌పల్లిలోనో ఉప్పల్‌లోనో ఒక ఫ్లాటు. వరలక్ష్మీ వ్రతం రోజు. పీట మీద కలశం, దాని పక్కన గోడకు ఆనించిన ఫోను. పురోహితుడు దొరకలేదు కాబట్టి ఫోనులో పూజావిధానం పెట్టుకుని, అందులో చెప్పినట్టల్లా చేసుకుపోతున్నారు. సంకల్పం దగ్గరికి వచ్చేసరికి ఫోనులోని గొంతు ‘శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే’ అంటుంది. ఇంట్లోవాళ్లూ అదే అంటారు. రికార్డు చేసినవారు విజయవాడ వైపు వారై ఉంటారు, అక్కడికి ఈశాన్యం సరిపోతుంది. హైదరాబాదు శ్రీశైలానికి వాయవ్యంలో ఉంది. ఇక్కడ చెప్పుకోవలసింది ‘శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే’ అని.

ఇందులో పెద్ద అపచారమేమీ లేదు. మన ఫ్లాటు ఎక్కడుందో తెలియక అమ్మవారు దారి తప్పదు. అయితే సంకల్పం అమ్మవారికి చిరునామా చెప్పడానికి పెట్టినది కాదు. శ్వేతవరాహ కల్పంతో మొదలై వైవస్వత మన్వంతరం, కలియుగం, జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణ దిక్కు అంటూ కుదించుకుంటూ కుదించుకుంటూ వచ్చి సొంతిల్లయితే ‘స్వగృహే’ దగ్గర, అద్దె ఇల్లయితే ‘వసతిగృహే’ దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. చివర గోత్రం, పేరు. అంత పెద్ద కాలంలోంచి, అంత పెద్ద దేశంలోంచి మనసును లాక్కొచ్చి ఈ పూట ఈ పీట ముందు కూర్చోబెట్టడమే దాని పని. ఎవరి ఊరిదో దిక్కు, ఏ ఏడాదిదో తిథి అప్పజెప్పితే మాటలు పూర్తవుతాయి గానీ ఆ పని జరగదు. సరిచేసుకోవడం కష్టమేమీ కాదు. ముందురోజు రాత్రి పంచాంగం చూసి ఆ వివరాలు ఒక కాగితం మీద రాసుకుని, సంకల్పం దగ్గర ఫోను ఆపి చదువుకుంటే చాలు.

పూజలో, వ్రతంలో, దీక్షలో కనిపించే నియమాలకు ఇలా ఒక్కోదానికి ఒక్కో పని ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్లు నియమాన్ని గట్టిగా పట్టుకోగలరు, అవసరమైనచోట నొప్పి లేకుండా సడలించుకోనూ గలరు. తెలియనివాళ్లకు మిగిలేవి రెండే దారులు: అన్నింటికీ భయపడటం, లేదా అన్నింటినీ వదిలేయడం.

16వ శతాబ్దపు గౌడీయ వైష్ణవ ఆచార్యుడు రూపగోస్వామి ఈ రెండు దారులకూ కలిపి ఒకే పేరు పెట్టాడు. ‘ఉపదేశామృతం’లో భక్తిని చెడగొట్టే ఆరు దోషాలు చెబుతూ అత్యాహారం, ప్రయాసం, ప్రజల్పం తర్వాత నాలుగోదిగా ‘నియమాగ్రహః’ అన్నాడు. సవర్ణదీర్ఘ సంధి కాబట్టి దీన్ని రెండు విధాలుగా విడదీయవచ్చు. నియమ + ఆగ్రహః అంటే నియమం మీద మొండిపట్టు, అది దేనికోసమో మరచి దాన్నే పట్టుకు వేలాడటం. నియమ + అగ్రహః అంటే నియమాన్ని అసలు గ్రహించకపోవడం, వదిలేయడం. సంస్కృతంలో ఆగ్రహం అంటే పట్టు. తెలుగులోకి వచ్చేసరికి అది కోపమైంది. మన ఇళ్లకు ఈ తెలుగు అర్థం కూడా చక్కగా నప్పుతుంది. మడిబట్ట తగిలిందని మూడేళ్ల పిల్లవాణ్ణి కసిరి ఏడిపించి, ఆ ఏడుపు వినిపిస్తుండగానే సహస్రనామం చదివే పూజలో నియమం నిలిచింది, ఆగ్రహమూ నిలిచింది, పూజ మాత్రం లేచిపోయింది.

ఏ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలన్నదానికి శాస్త్రంలో ఒక లెక్క ఉంది. అది తెలియకపోవడం వల్లే సగం సందేహాలు, సగం గొడవలు. కర్మలు మూడు రకాలు. రోజూ చేయవలసింది నిత్యం: సంధ్యావందనం, దీపారాధన, ఇంటి దేవుడి పూజ. ఒక సందర్భం వచ్చినప్పుడు చేయవలసింది నైమిత్తికం: గ్రహణ స్నానం, శ్రాద్ధం లాంటివి. ఒక ఫలం కోరి చేసేది కామ్యం. వైదిక కర్మల విధులను విచారించే మీమాంసకులు వీటికి వేర్వేరు కొలతలు పెట్టారు. నిత్యకర్మకు యథాశక్తి న్యాయం వర్తిస్తుంది: ప్రధానమైనది జరగాలి, దాని చుట్టూ ఉండే అంగాల్లో, అంటే విడి భాగాల్లో కొన్ని తగ్గినా చెల్లుతుంది. కామ్యకర్మకు ఆ వెసులుబాటు లేదు. ఫలం కోరి చేస్తున్నప్పుడు అంగాలన్నీ సమకూరాకే మొదలుపెట్టాలి. సమకూరకపోతే మానుకోవచ్చు, మానితే దోషం లేదు.

మన ఇళ్లల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఉదయం ఏడు గంటలకు క్యాబ్ ఎక్కాల్సిన ఉద్యోగి ‘సరిగ్గా చేయలేనప్పుడు ఎందుకు’ అని నిత్యదీపం మానేస్తారు. అదే మనిషి ఎవరో చెప్పారని 16 వారాల వ్రతం మొదలుపెట్టి, అయిదో వారానికల్లా కథ చదవకుండా, నైవేద్యం బయట కొనితెచ్చి, ఎలాగోలా ముగిస్తారు. యథాశక్తి అనే మాట మొదటిదానికి వర్తిస్తుంది, రెండోదానికి కాదు. ఒక దీపం, ఒక పువ్వు, ఒక చిన్న బెల్లంముక్క పెట్టి పది నిమిషాల్లో ముగించే రోజువారీ పూజ లోపభూయిష్ఠమైనదేమీ కాదు, అది పూర్తి పూజే.

పూజావిధానంలోనే ఈ మెట్లు కట్టి ఉన్నాయి. ఉపచారాలు 64 చెప్పారు, 16 చెప్పారు, 10 చెప్పారు, 5 కూడా చెప్పారు. అయిదంటే గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం. షోడశోపచారాల్లో కూడా, మన దగ్గర లేని వస్తువుకు బదులు ఏం చేయాలో మాటలోనే ఉంది. కొత్తబట్ట లేదా? ‘వస్త్రయుగ్మార్థం అక్షతాన్ సమర్పయామి’. ఆభరణం లేదా? ‘ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి’. పూజ ఆగదు, అప్పు చేయనక్కర్లేదు.

ఇంత బరువు మోసే అక్షతలను మాత్రం చాలామంది అశ్రద్ధగా కలుపుతారు. అ-క్షతం అంటే విరగనిది, నూకలు లేకుండా ఏరిన బియ్యం కావాలి. గుప్పెడు బియ్యానికి రెండు చిటికెల పసుపు, నాలుగు చుక్కల నెయ్యి వేసి వేళ్లతో రుద్దితే గింజగింజకూ పసుపు పడుతుంది, నెలరోజులు నిలవ ఉంటుంది. నీళ్లు ఎక్కువ పోసి కలిపి డబ్బాలో మూతపెడితే వానాకాలం వారం తిరగకముందే బూజు పడుతుంది, గింజ మెత్తబడి విరుగుతుంది. అప్పుడు పేరుకు అక్షతలే, చేతిలో ఉన్నది నూక.

ఇంట్లో విగ్రహం ఎంత ఉండాలన్నదానికీ ఇలాంటి ఆచరణయోగ్యమైన కొలత ఉంది. బొటనవేలి కణుపు నుంచి మొదలై జానెడు వరకు, అంతకు మించి ఇంట్లో వద్దని మత్స్యపురాణం చెబుతుంది. జానెడంటే 12 అంగుళాలు. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు, కాబట్టి మన స్కేలు మీద సుమారు 9 ఇంచులు. విగ్రహం పెరిగేకొద్దీ అభిషేకం, నైవేద్యం, వేళ తప్పని సేవ పెరుగుతాయి. వాటిని గుడి మోయగలదు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు మోయలేదు. రెండడుగుల పాలరాతి విగ్రహం ముచ్చటపడి కొని, ఏడాది తిరిగేసరికి ఏం చేయాలో తోచక చెట్టు కింద వదిలివెళ్లేవారిని నగరంలో చూస్తూనే ఉంటాం. కొనేముందు ఆ జానెడు కొలత గుర్తుండి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

నైవేద్యం వండేటప్పుడు రుచి చూడకూడదన్నది అందరికీ తెలిసిన నియమం. దీని పని చేతికి కొలత నేర్పడం. గ్లాసు బియ్యం పులిహోరకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, చిన్న చెంచాతో ఒకటిన్నర ఉప్పు అని ఒకసారి లెక్క కుదుర్చుకుంటే నాలుక అవసరం రాదు. వంట చేస్తున్నంతసేపూ ‘ఇది మొదట నాకు కాదు’ అన్న ఎరుక నిలపడం దీని రెండో పని. నివేదన చేసేటప్పుడు పాత్ర చుట్టూ నీళ్లు తిప్పి, ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా, వ్యానాయ స్వాహా, ఉదానాయ స్వాహా, సమానాయ స్వాహా అంటూ ఒక్కొక్కటిగా చూపాలి. వీటి మధ్య ఊపిరి తీసుకునేంత విరామం ఉండాలి. రైలు వేగంతో అనేస్తే, వచ్చిన అతిథి మొదటి ముద్ద తినకముందే విస్తరి ఎత్తేసినట్టు ఉంటుంది.

వేళల నియమాల్లో తప్పులు ఎక్కువగా గడియారం వల్ల వస్తాయి. శాస్త్రం వేళలను సూర్యుడితో కొలుస్తుంది, మనం అలారంతో కొలుస్తాం. బ్రాహ్మీముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. హైదరాబాదులో జూన్ మొదట్లో సూర్యుడు దాదాపు 5.40కి, జనవరి నడుమ దాదాపు 6.50కి ఉదయిస్తాడు. అంటే జూన్‌లో ఆ ముహూర్తం 4.04కి మొదలైతే జనవరిలో 5.14కి మొదలవుతుంది. ఏడాది పొడవునా మూడున్నరకే లేవాలని ఎవరో చెప్పిన మాట విని, నిద్ర చాలక జపంలో కునికే వారికి ఈ లెక్క చెబితే శీతాకాలంలో గంటన్నరకు పైనే నిద్ర తిరిగి వస్తుంది.

ఏకాదశి విషయంలో ఒకే అపార్ట్‌మెంటులో రెండు ఇళ్లవారు రెండు వేర్వేరు రోజుల్లో ఉపవాసం ఉంటే ఎవరో ఒకరు తప్పు చేశారనుకుంటారు. ఇద్దరూ సరే కావచ్చు. స్మార్తులు ప్రధానంగా సూర్యోదయ సమయానికి ఏకాదశి ఉందా అని చూస్తారు. వైష్ణవులు అంతకు 4 ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు వచ్చే అరుణోదయానికి దశమి వదిలిందా అని చూస్తారు. ఆ వేళకు దశమి మిగిలి ఉంటే దశమీవేధ అని మరునాటికి మారుస్తారు. దీనికి తోడు ఆకాశంలో కనిపించే గ్రహస్థితిని బట్టి లెక్కించే దృక్ పంచాంగానికీ పాత గ్రంథాల సూత్రాలతో లెక్కించే పూర్వసిద్ధాంత పంచాంగానికీ తిథుల ముగింపులో తేడా వస్తుంది. కుటుంబం ఏ పంచాంగం పాటిస్తుందో తేల్చుకుని దానికే కట్టుబడటం మంచిది. ప్రతి పండక్కీ నాలుగు పంచాంగాలు వెతికి అనుకూలమైన తేదీ ఏరుకోవడం, పైకి నిష్ఠలా కనిపించినా, అగ్రహమే.

ఉపవాసం కన్నా పారణలోనే, అంటే ఉపవాసం విడిచి తినడంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. ద్వాదశి తిథి ఉండగానే పారణ చేయాలి, కానీ ఆ తిథిలో మొదటి నాలుగోవంతు హరివాసరం, ఇంకా ఉపవాసం ఉండవలసిన వేళ కాబట్టి అది దాటాలి. ఒక్కోసారి ద్వాదశి తెల్లవారాక కాసేపే ఉంటుంది. ఆఫీసుకు వెళ్లి మధ్యాహ్నం తినొచ్చులే అనుకుంటే వ్రతం చివరి అంగం పోతుంది. భాగవతం తొమ్మిదో స్కంధంలో అంబరీషుడికి వచ్చిన చిక్కు ఇదే. దుర్వాసుడు స్నానానికి వెళ్లి తిరిగి రాలేదు, ద్వాదశి అర్ధముహూర్తమే మిగిలింది. తింటే అతిథిని అవమానించినట్టు, తినకపోతే వ్రతభంగం. పండితులను అడిగి, నీళ్లు తాగాడు. నీళ్లు తాగడం తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. ఈ కథను దుర్వాసుడి కోపం కోసం, సుదర్శన చక్రం కోసం చెప్పుకుంటాం గానీ, రెండు నియమాలు ఎదురెదురు నిలిచినప్పుడు శాస్త్రజ్ఞులను అడిగి రెండింటి పనీ చెడకుండా సన్నటి దారి వెతికిన ఆ ఒక్క క్షణం దగ్గర ఆగం.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏకాదశి నాడు మాత్రలు మానేయడం మరో పెద్ద పొరపాటు, ఇది ప్రాణం మీదికి తెచ్చేది. వ్రతాన్ని చెడగొట్టని ఎనిమిదింటిని మహాభారతం ఒక శ్లోకంలో లెక్కపెట్టింది: నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. మందు జాబితాలోనే ఉంది. మాత్రతో పాటు ఆహారం తప్పనిసరి అయినప్పుడు పాలు, పండ్లు కూడా జాబితాలోనే ఉన్నాయి. ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసం తలపెట్టేముందు వైద్యుణ్ణి అడగాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, 80 దాటిన పెద్దలకు అసలు ఏకాదశి ఉపవాస నియమమే లేదు. పెద్దావిడ ‘నేను ఎన్నడూ మానలేదు’ అని పట్టుబడితే ఇంట్లోవాళ్లు ఈ మాట చెప్పవచ్చు: మానమనడం లేదు, శాస్త్రమే ఆమెకు ఈ బరువు దించింది.

మైల గురించి ఇంతకన్నా ఎక్కువ గందరగోళం ఉంది. సపిండులకు, అంటే దగ్గరి దాయాదులకు 10 రోజులు, దూరపు వరుసకు 3 రోజులు అన్నది మూల లెక్క. ఎక్కడో అమెరికాలో దాయాది పోయిన కబురు ఆరో రోజున తెలిస్తే, ఆ రోజు నుంచి మళ్లీ పది లెక్కపెట్టరు, పదిలో మిగిలినవే పాటిస్తారు. పెళ్లి మధ్యలోనో వ్రతం మధ్యలోనో కబురు వస్తే ఏం చేయాలి? మొదలైన కర్మకు సూతకం అంటదు, మొదలుకానిదానికి అంటుతుంది. ‘మొదలు’ అంటే ఏది అన్నది కూడా స్పష్టంగా చెప్పారు. యజ్ఞానికి ఋత్విక్కుల వరణం (యజ్ఞం చేయించేవారిని ఎంచుకోవడం), వ్రతానికి సంకల్పం, వివాహానికి నాంది (ముందుగా చేసే పితృదేవతల పూజ), శ్రాద్ధానికి వంట మొదలవడం. ఫంక్షన్ హాలు అడ్వాన్సు కట్టడం మొదలు కాదు, కార్డులు పంచడం మొదలు కాదు. ఒక ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు దేవుడి గదికి తాళం వేసే అలవాటు చాలా కుటుంబాల్లో ఉంది. ఆశౌచం తీరాక నిత్యదీపం పెట్టుకోవాలనే పెద్దలు చెబుతారు. ఏడాదిపాటు వాయిదా వేసుకునేవి శుభకార్యాలు, కామ్యవ్రతాలు. దుఃఖంలో ఉన్న ఇంటికి దీపం కూడా లేకుండా చేయమని ఏ నియమమూ చెప్పలేదు.

నియమం మనసుకు బరువవుతుందా, బరువు దించుతుందా అన్నది చూడాలంటే చిలుకూరు వెళ్లాలి. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఆ బాలాజీ ఆలయంలో హుండీ లేదు, టికెట్ లేదు, ప్రత్యేక దర్శనం లేదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. 108 చేసేవారి చేతిలో ఒక చిన్న కార్డు ఉంటుంది, అంకెలు అచ్చువేసి. ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె మీద పెన్నుతో గీత పెట్టుకుంటారు. లెక్క కార్డు మోస్తుంది, మనసు ఖాళీ అవుతుంది. కార్డు లేనివాళ్లు నలభై దగ్గరికి వచ్చేసరికి ‘ముప్పై ఎనిమిదా, ముప్పై తొమ్మిదా’ అని అంకెలనే జపిస్తుంటారు. పైకి యాంత్రికంగా కనిపించే ఆ కాగితం ముక్క చేసే పని అంత.

ప్రదక్షిణకు నాలుగు అంగాలు చెప్పారు: అడుగులో అడుగు వేసి నడవడం, చేతులు ఊపకుండా ఉంచడం, నోట స్తోత్రం, గుండెలో ధ్యానం. నడక ఎలా ఉండాలంటే, నెలలు నిండిన స్త్రీ నూనె నిండిన కుండ మోసుకెళుతున్నట్టు. శనివారం పొద్దున్నే ఆఫీసు పని గుర్తుపెట్టుకుని పరుగులాంటి నడకతో ముందువాళ్లను తోసుకుంటూ 108 పూర్తి చేస్తే అంకె వస్తుంది, నాలుగింటిలో ఒక్క అంగమూ రాదు. ఒళ్లు సహకరించనివారు రెండు రోజులుగా విడదీసుకోవడమా, తగ్గించుకోవడమా అన్నది అక్కడి అర్చకులనే అడగడం మంచిది. శివాలయంలో అయితే అభిషేక జలం బయటికి వచ్చే సోమసూత్రాన్ని దాటరు. అక్కడిదాకా వెళ్లి వెనుదిరిగి, మళ్లీ రెండోవైపు నుంచి అక్కడికే వస్తారు. స్వామిని తాకి వచ్చిన నీటిని కాలితో దాటకూడదన్నది దాని భావం. విష్ణ్వాలయ ప్రదక్షిణ అలవాటుతో చుట్టేసేవారు ఇక్కడ తడబడుతుంటారు.

జపసంఖ్య కూడా ఇలాంటిదే. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఇస్కాన్ మందిర సంప్రదాయంలో దీక్ష తీసుకున్నవారు రోజుకు 16 మాలలు చేయాలి. మాలకు 108 పూసలు, మొత్తం 1,728 సార్లు మహామంత్రం. మాలకు ఏడెనిమిది నిమిషాల చొప్పున సుమారు రెండు గంటలు. అంకె ఎందుకంటే, మనసు బాగున్న రోజు అందరూ జపిస్తారు, బాగులేని రోజు నిలబెట్టేది అంకే. కానీ అదే అంకె తొందర పుట్టిస్తుంది, అక్షరాలు మింగేస్తాం. మాల నాలుగు నిమిషాల్లో అయిపోతోందంటే నామం సగమే పలుకుతున్నట్టు అనుమానించాలి. చూపుడువేలు తగలకుండా బొటనవేలు, మధ్యవేళ్లతో పూస జరపడం, మాల కొసన ఉండే మేరుపూస దాటకుండా మాల తిప్పుకోవడం చెయ్యి నిద్రపోకుండా చేసే ఏర్పాట్లు. మేరువు దగ్గర ఆగి మాల తిప్పే ఆ రెండు క్షణాల్లో మనసు ఎక్కడ తిరుగుతోందో తెలిసిపోతుంది.

మాకు భక్తి ఉంది కదా, ఈ లెక్కలన్నీ ఎందుకు అనే మాట తరచూ వినిపిస్తుంది. దానికి నారదుడి భక్తిసూత్రాలు రెండు చిన్న వాక్యాల్లో జవాబు చెప్పాయి: నిశ్చయం దృఢపడ్డ తర్వాత కూడా శాస్త్రాన్ని కాపాడుకోవాలి, లేకుంటే పడిపోయే ప్రమాదం ఉంది. అది శిక్ష గురించి కాదు, మెట్లెక్కాక చెయ్యి వదిలేస్తే కాలు జారడం గురించి. అయితే అంగాలన్నీ సమానం కావన్నది కూడా అంతే ముఖ్యం. రూపగోస్వామి సాధనభక్తికి 64 అంగాలు చెప్పి, చివర అయిదింటిని మళ్లీ ఎత్తి చూపాడు: సాధుసంగం, నామకీర్తన, భాగవత శ్రవణం, మథురావాసం, శ్రద్ధగా శ్రీమూర్తి సేవ. ఎవరి చీర రంగు ఏమిటి, ఎన్ని వత్తులు వేయాలి అన్న చర్చలు ఈ అయిదింటిలో ఎక్కడా లేవు. వాట్సాప్‌లో రోజుకొకటి పుట్టుకొచ్చే ‘ఇలా చేస్తే దరిద్రం’ తరహా నియమాలకు మూలం అడిగితే దొరకదు. భయం మీద నడిచేదాన్ని, ఎవరు చెప్పారో తెలియనిదాన్ని నియమమనే అనకూడదు.

అయ్యప్ప దీక్షలో నియమాలన్నీ ఒక గడువు లోపల కట్టి ఉంటాయి. మాల వేసిన రోజు నుంచి 41 రోజులు. రెండుపూటలా చన్నీటి స్నానం, నల్లబట్టలు, పాదరక్షలు లేకుండా నడక, నేల మీద పడక, బ్రహ్మచర్యం, భిక్ష. ఇవన్నీ ఒంటికి సంబంధించినవి. అన్నింటిలోకీ బలమైనది మాత్రం ఎదుటివారిని ‘స్వామీ’ అని పిలవడం. పై అధికారినీ స్వామీ, ఆటో డ్రైవరునూ స్వామీ అన్న నోటితో తిట్టడం కష్టం. 41 రోజులు ఆ మాట అలవాటైతే మనిషిలో కొంత మిగులుతుంది. శబరిమల బయలుదేరే రెండు రోజుల ముందు మాల వేసుకుంటే బట్టల రంగు మారుతుంది, ఆ అలవాటుకు వ్యవధి ఉండదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పుల్లేకుండా నగరం రోడ్ల మీద తిరిగి పుండ్లు తెచ్చుకుంటున్నారు. గురుస్వామిని అడిగి కాలికి రక్షణ పెట్టుకోవాలి. గురువు మాట, ఔషధం రెండూ ఆ ఎనిమిదింటి జాబితాలోవే. దగ్గరి బంధువు పోతే మాల తీసేయడం ఈ దీక్షలో సంప్రదాయం. మొదలైన వ్రతానికి సూతకం లేదన్న సాధారణ సూత్రం కన్నా ఆ సంప్రదాయానిదే ఇక్కడ చివరి మాట.

ఇంట్లో ఉన్న వెసులుబాటు గుడిలో అర్చకుడికి ఉండదు. ఆలయ పూజావిధానాన్ని చెప్పే శాస్త్రం ఆగమం. యాదగిరిగుట్ట పాంచరాత్ర ఆగమం ప్రకారం నడుస్తుంది, తిరుమల వైఖానసం ప్రకారం. ఒకదానిలోది మరొకదానిలో కలపరు. ప్రతిష్ఠ జరిగిన మూర్తి ఊరందరిదీ, అర్చకుడు తన వీలును బట్టి వేళ మార్చడానికి లేదు. అంత కట్టుదిట్టంగా ఉన్నచోట కూడా తప్పులు జరుగుతాయని ఆగమానికి తెలుసు. అందుకే పవిత్రోత్సవం పెట్టారు. ఏడాది పొడవునా అర్చనలో తెలిసీ తెలియక జరిగిన లోపాలకు ప్రాయశ్చిత్తంగా తిరుమలలో శ్రావణంలో మూడు రోజులు జరుగుతుంది. నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిర్‌ది ఇంకో దారి. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఆ పాలరాతి ఆలయంలో గంటలు లేవు, ధ్యానానికి నిశ్శబ్దం కావాలని. గంట మనసును పిలవడానికే అయితే, నిశ్శబ్దంతోనూ పిలవవచ్చన్న నిర్ణయం అది.

ఆగమం, సంస్కృత మంత్రం లేనిచోట నియమం సడలుగా ఉంటుందనుకుంటే ఆషాఢంలో బోనం ఎత్తే ఇంటికి వెళ్లి చూడాలి. తలస్నానం చేసి, కొత్తకుండకు పసుపు కుంకుమలు పెట్టి, బియ్యం, పాలు, బెల్లంతో వండిన బోనం అందులో నింపుతారు. కుండ మెడకు వేపమండలు కడతారు. పైన గురిగిలో, అంటే చిన్న మట్టిపిడతలో దీపం. కుండను అంచుదాకా నింపితే పైన మూత, గురిగి కుదురుగా కూర్చోవు, నాలుగడుగులకే నూనె ఒలుకుతుంది. అందుకే మెడ కిందికే ఆపుతారు. తల మీద సుట్టబట్ట బిగువుగా చుట్టకపోతే కుండ ఒకవైపు ఒరుగుతుంది. పసుపు, బెల్లం, వేపాకు కలిపిన సాక అమ్మవారికి పోసి చల్లబరుస్తారు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, తర్వాత లాల్‌దర్వాజ, ఈ వరుస కూడా తప్పదు. తల మీద దీపం వెలుగుతుండగా జనంలో నడిచే ఆ ఆడమనిషి చూపు, మెడ, అడుగు ఎంత నిలకడగా ఉంటాయో చూస్తే, నూనెకుండ మోసే స్త్రీలా ప్రదక్షిణ చేయమన్న శ్లోకం కళ్లెదుటే కనిపిస్తుంది.

నియమం తనను తాను కట్టుకోవడానికి. దాన్ని ఎదుటివాణ్ణి దూరం పెట్టే గోడగా వాడినప్పుడు పెద్ద అన్యాయం జరిగింది, తరతరాలుగా జరిగింది. మడి అంటే ఉతికి, ఎవరూ తగలని చోట ఆరేసిన బట్ట కట్టుకుని వంటకు, పూజకు దిగడం. ఆ శుచి ఒక కులం మనుషులే మైల అనే దాకా పోయింది. 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో, చిలుకూరు ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని, మేళతాళాలతో ఆలయంలోకి తీసుకువెళ్లారు. మునివాహన సేవ అని దానికి పేరు. శ్రీరంగంలో రంగనాథుడి ఆజ్ఞతో అర్చకుడు లోకసారంగముని, అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వారును భుజాల మీద మోసుకెళ్లిన కథ దానికి ఆధారం. గమనించవలసింది ఏమిటంటే, ఆయన నియమాన్ని తోసేసి ఆ పని చేయలేదు. సంప్రదాయంలో ఉన్న సేవనే వెతికి తీసి, విధిగా, అర్చకుడి భుజం మీదనే జరిపారు.

మళ్లీ ఆ ఫ్లాటులోని వరలక్ష్మీ వ్రతం దగ్గరికి. హారతి అయ్యేసరికి ఇంట్లో సందడి మొదలవుతుంది. వాయనాలు, ఫొటోలు, ఫోనులో పూజ అయిపోయి తర్వాతి వీడియో దానంతటదే మొదలైపోతుంది. చాలా ఇళ్లల్లో చివరి శ్లోకం ఇక్కడే జారిపోతుంది: ‘మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం మహేశ్వరి’. మంత్రంలో లోపం, చేసిన పనిలో లోపం, చివరికి భక్తిలోనే లోపం, మూడూ ఒప్పుకుని, ఈ పూజను నువ్వే పూర్తి చేసుకో అని అడగడం. అరనిమిషం పట్టదు. చేతిలో అక్షతలు, ఉద్ధరిణెడు నీళ్లు తీసుకుని ఆ మాట చెప్పి పళ్లెంలో విడవాలి. మరునాడు పునఃపూజ చేసి, ‘యథాస్థానం ప్రవేశయామి’ అంటూ కలశాన్ని కొద్దిగా కదపాలి. కలశం కింద పోసిన బియ్యం కడిగి, పాలు పోసి, బెల్లం వేసి పొంగలి వండుకుంటారు. ఈసారి ఉప్పు, తీపి రుచి చూసుకోవచ్చు.